నీలం రంగు వాక్యం

పోయిన వారం ఫ్లాపీ మేడమ్‌ని మనం ఓ ఇంటి గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో ఒకే ఒక్క వాక్యం రాసి ఉన్న ఉత్తరం, గేటుకి అవతల గడియ మీద చెయ్యి వేసి తియ్యాలా వద్దా అని ఆలోచిస్తున్న లెక్కల టీచరు. వారం పాటు అలా నిలబెట్టినందుకు ఆమెకు మన మీద కోపం రావాలి. కానీ నిజం చెప్పాలంటే, ఆ గేటు దాటడం కన్నా అక్కడ నిలబడి ఉండడమే ఆమెకు హాయిగా ఉంది. ఎందుకో కొత్తవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట నీటి సరఫరావారి పంప్‌హౌస్‌లో, శుభ్రం చేయడానికని రెండో సంపులోకి దిగి ముగ్గురు చనిపోయారు. ఇద్దరు కూలీలు, ఒక ఫిట్టర్. నీళ్లు తోడేసిన సంపు నిండా విషవాయువు ఉంది. రాత్రి షిఫ్టు ఇంజనీరు, “ఎవరినీ దించొద్దని లాగ్‌లో రాసే ఇంటికెళ్లాను” అన్నాడు. షిఫ్టు సంగతులన్నీ ఎక్కించే ఆ లాగ్ ఉన్న కంప్యూటర్ సరిగ్గా ఆ వారంలోనే చెడిపోయిందన్నారు. ఆయన మాట నమ్మిన నాథుడు లేడు. ఉద్యోగం ఊడింది, పరువు పోయింది. నిరుడు ఆ పాత పంప్‌హౌస్ కూలగొడుతుంటే గోడ బీరువాలో ఆ లాగ్ నకలు ఉన్న ఫ్లాపీల పెట్టె ఒకటి దొరికింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు పట్టుబట్టడంతో విచారణ మళ్లీ మొదలైంది. పెట్టె తిరిగి తిరిగి రికార్డుల భవనంలో మన మేడమ్ బల్ల మీదికి చేరింది.

ఆమె ఉద్యోగమే అది. కాలం చెల్లిన ఫైళ్లను మళ్లీ తెరిచి చూపించడం. అందుకే ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరి నోటా రాదు, అందరికీ ఫ్లాపీ మేడమ్. ఆమె వాడే సాధనాన్ని ఎమ్యులేటర్ అంటారు. పేరు చూసి భయపడక్కర్లేదు. ఇవాళ్టి కంప్యూటర్ లోపల కూర్చుని, ఎప్పుడో పోయిన పాత కంప్యూటర్ వేషం కట్టే ప్రోగ్రామ్ అది. పాత సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి అందులో పెడితే, తన సొంత యంత్రంలోనే ఉన్నాననుకుని పాపం బుద్ధిగా నడుస్తుంది. ఫైలుని కొత్త రకంలోకి మారిస్తే అక్షరాలు మిగులుతాయేమో గానీ, ఆనాటి మనిషి కంటికి అది ఎలా కనిపించిందో తెలియదు. ఎమ్యులేటర్‌లో అయితే ఆ కనిపించడం కూడా తెలుస్తుంది. తెలియాలి.

పదిరోజుల కిందట విచారణ కమిషన్ ముందు ఆమె ఆ లాగ్ తెరిచింది. వాక్యం దొరికింది. ‘రెండో సంపులో గాలి బాగా లేదు. ఎవరినీ దించవద్దు.’ ఇంజనీరు రాశానన్నది రాశాడు. కాకపోతే మిగతా లాగ్ అంతా తెల్లటి అక్షరాల్లో ఉంటే, ఆ ఒక్క వాక్యం నల్ల తెర మీద ముదురు నీలంలో ఉంది. కళ్లు చికిలించినా కనపడని నీలం. “ఇది అక్కడి సిబ్బందికి కనిపించేదా?” అని కమిషన్ అధ్యక్షుడు అడిగాడు. “మామూలుగా చూస్తే కనిపించదండీ” అంది ఆమె. మర్నాడు పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. రేపు అడిగితే రాశానని చూపించుకోవడానికి, ఇవాళ ఎవరికీ కనపడకుండా రాసిన మనిషి అని. అంతకుముందు ఆయన మరిచిపోయినవాడు మాత్రమే, ఇప్పుడు మోసగాడు కూడా అయ్యాడు.

అప్పుడు వచ్చింది ఆ ఉత్తరం. ‘మీరు చూపించినది మా తెర కాదు.’ కింద ఆ ఇంజనీరు వణికిన సంతకం.

ఇంకొక్క సంగతి ఉంది. అది మనకూ ఆమెకూ ఆమె తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు. సంపులో పోయిన ఆ ఫిట్టర్ ఈమె కన్నతండ్రి.

ఇక గేటు దగ్గరికి వద్దాం.

“ఏం మొహం పెట్టుకుని వచ్చారండీ?” అంది టీచరు, ఆ ఇంజనీరు కూతురు.

“చూపించుకునే మొహం లేదండీ. అయినా వచ్చాను. సార్‌ని ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను.”

“అడగాల్సింది కమిషన్‌కి వెళ్లకముందు కదా.”

లోపలి నుంచి, “రానియ్యవే. ఉత్తరం రాసి రప్పించింది నేను” అని వినిపించింది. టీచరు గడియ తీసి, వచ్చిన మనిషికి దారి ఇవ్వకుండానే వెనక్కి తిరిగి నడిచింది.

ముందుగదిలో కిటికీ పక్కన ప్లాస్టిక్ వైర్లు అల్లిన కుర్చీలో ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఆరేళ్లుంటాయి. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా తయారై ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద సగం దిద్దిన పరీక్ష పేపర్ల కట్టలు, వాటి మీద బరువుకి ఒక పాత ప్రెషర్ గేజి. పేపర్లో వార్త వచ్చాక, ఆ టీచరుకి మా పిల్లల్ని అప్పగించం అని కొందరు తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారట. ఆ సంగతి టీచరే చెప్పింది, కూర్చోమనడానికి బదులుగా.

వంటింట్లో టీచరు కుళాయి తిప్పిన చప్పుడు అయింది. పెద్దాయన చెవి అటు తిరిగింది. “ఈ వీధి లైన్లో ఎక్కడో లీకుంది. ధార చప్పుడు మారింది” అన్నాడు. ఆయన్ని పక్కన పెట్టి ఇరవై ఎనిమిదేళ్లయినా చెవి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

“కూర్చో తల్లీ” అన్నాడు. పేపరు కటింగు ఒకటి జేబులోంచి తీసి, మడతలు జాగ్రత్తగా విప్పి, బల్ల మీద పరిచాడు. కమిషన్ హాల్లో ఆమె చూపించిన తెర బొమ్మ అది, రంగుల్లో.

“ఇదిగో, ఇక్కడ పైన ఆకుపచ్చ పట్టీ ఉంది చూడు. మా పంప్‌హౌస్‌లో ఆకుపచ్చ ఎక్కడిదమ్మా? ఎరుపెక్కడిది? రంగుల తెరలు హెడ్డాఫీసులో ఉండేవి. మాకు వాళ్లు వాడి వదిలేసింది పంపారు. మా తెరకి ఒకటే రంగు. నారింజ తొక్క రంగు. రాత్రంతా చూస్తే, కళ్లు మూసుకున్నా అదే రంగు కనిపించేది.”

ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు గానీ మేడమ్‌కి వినిపించడం లేదు. ఆ ఒక్క మాటతో జరిగిందేమిటో మొత్తం అర్థమైపోయింది. ఆ ఉత్తరం చూసిన రోజే సగం అర్థమైందని కూడా చెప్పాలి. కానీ సగం అర్థమైనదాన్ని పక్కకి తోసి పడుకోవచ్చు.

“మీది ఒంటిరంగు తెరా సార్?” అంది.

“చెబుతున్నాగా.”

“ఏమిటంటా?” అంది టీచరు, గుమ్మానికి ఆనుకుని. “తెర ఏ రంగుదైతే ఏం? అక్షరాలు అవే కదా.”

మేడమ్ ఆమె వైపు తిరిగింది. పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది, ఎందుకంటే వేగంగా చెబితే తప్పించుకున్నట్టు ఉంటుంది.

“ఆ లాగ్ ప్రోగ్రామ్, మామూలు అక్షరానికి ఒక గుర్తు పెడుతుందండీ. ముఖ్యమైనదానికి ఇంకో గుర్తు. ఆ గుర్తుని చూసి ఏం చెయ్యాలన్నది తెర ఇష్టం. రంగుల తెర అయితే ఆ గుర్తుని ముదురు నీలం చేస్తుంది. ఒంటిరంగు తెర దగ్గర నీలం లేదు. అందుకని...”

“అందుకని?”

“అక్షరాల కింద గీత గీస్తుందండీ.”

టీచరు లెక్కలు చెప్పే మనిషి, ఎంతసేపు పడుతుంది?

“అంటే నాన్న దాచలేదు. గీత గీసి మరీ చెప్పాడు.”

“అవునండీ.”

“ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసిందా?”

ఇక్కడ ఒక్క చిన్న అబద్ధం చాలు. ఇప్పుడే తెలిసిందండీ, పాత యంత్రాల సంగతి ఎవరికి గుర్తుంటుంది అంటే నమ్మేస్తారు. మేడమ్ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేసింది.

“గీత, నీలం ఒకటేనని ముందే తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే మొదటి పాఠం అదే. ఫైలు తెరిచే ముందు, ఆ రోజు ఆ మనిషి ముందు ఏ తెర ఉందో కనుక్కోండి అని. ఎమ్యులేటర్ మొదలుపెట్టగానే ఏ తెర కావాలని అడుగుతుంది. రంగుల తెర దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంటుంది. నేను దాన్ని మార్చలేదు. ఎవరినీ అడగనూ లేదు.”

“ఎందుకు అడగలేదు?” టీచరు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావుండేది. “ఒక్క ఫోను. మా నంబరు కమిషన్ కాగితాల్లోనే ఉంది. సార్, మీ తెర ఏ రంగు అని ఒక్క ముక్క. రోజూ చేసే పనే అన్నారుగా. ఈ ఒక్కసారే ఎందుకు మర్చిపోయారు?”

“మర్చిపోలేదండీ.” మేడమ్ ల్యాప్‌టాప్ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. “ఆ వాక్యం నీలంగా కనపడగానే నాకు సంతోషమేసింది. ఇంక ఏం అడిగితే ఆ సంతోషం పోతుందో అది అడగాలనిపించలేదు.”

“సంతోషమా?”

“ఆ ఫిట్టర్ మా నాన్నండీ.”

టీచరు గుమ్మం దగ్గర నుంచి కదిలి వచ్చి, పరీక్ష పేపర్ల కట్ట మీద అరచెయ్యి గట్టిగా ఆనించి నిలబడింది. “ఓహో. అయితే పగ తీర్చుకున్నారన్నమాట. జీతం తీసుకుంటూ, కమిషన్ ముందు ప్రమాణం చేసి మరీ. లే నాన్నా, ఈవిడతో ఏంటి మనకి మాటలు? నేరుగా కమిషన్‌కే వెళ్దాం. ఈ విషయం కూడా చెబుదాం.”

“చెప్పండి” అంది మేడమ్. “చెప్పకపోతే నేనే చెబుతాను. ఎల్లుండి ఆఖరి వాయిదా.”

పెద్దాయన మాత్రం ఈ గొడవలో లేడు. ఆమె మొహంలోకి వంగి వంగి చూస్తున్నాడు, అరిగిపోయిన నేమ్‌ప్లేటు చదువుతున్నట్టు.

“పొడుగ్గా ఉండేవాడు” అన్నాడు చివరికి. “పై జేబులో ఎప్పుడూ దువ్వెన. సంపు దగ్గర కూడా తల దువ్వుకునేవాడు, చేపలకి నచ్చాలా ఏంట్రా అని ఏడిపించేవాళ్లం. నిన్ను ఒకసారి పంప్‌హౌస్‌కి తెచ్చాడు. మోటారు వెయ్యగానే జడుసుకుని ఏడ్చావు. ఎవరెత్తుకున్నా ఊరుకోవు. ఆఖరికి మోటారు ఆపించేశాడు. నీళ్లు రావట్లేదని ఫోన్లు. నేను రిపోర్టులో వోల్టేజి లేదని రాశాను.”

మేడమ్‌కి ఇందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. నాలుగేళ్ల పిల్లకి ఏం గుర్తుంటుంది? ఇంట్లో తండ్రి అంటే ఒక ఫోటో, ఒక తేదీ, తల్లి నోట ఎన్నిసార్లు విన్నదో లెక్కలేని ఒక మాట. దువ్వెన సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ మనిషిని తిట్టుకుంటూ పెరిగింది తను. ఆ మనిషి దగ్గరే తన తండ్రి గురించి ఇన్ని ముక్కలు ఉన్నాయి. ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు.

“ఏడిస్తే అయిపోయిందా?” అంది టీచరు. అయినా వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

“మా తెర చూపించు తల్లీ” అన్నాడు పెద్దాయన. “చూసి చాలా రోజులైంది.”

మేడమ్ కళ్లు తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. పని మొదలెడితే ఆమె చేతులు వేరే మనిషివి అవుతాయి. ఇంకా నడుస్తున్న ఎమ్యులేటర్‌ని ఆపింది. సెట్టింగుల్లోకి వెళ్లింది. తెర అన్న చోట మొదటి టిక్కు తీసేసి, దాని కింద ఉన్నదానికి పెట్టింది. అక్షరం రంగు అన్నచోట నారింజ. మళ్లీ మొదలుపెట్టింది. పాత యంత్రం లేచి, తన జ్ఞాపకశక్తి ఎంతుందో అంకెలు లెక్కపెట్టుకుంది. లేని డ్రైవుని వెతుకుతున్నట్టు కాస్త గీరింది. ఆ చప్పుడు కూడా ఎమ్యులేటర్ వేషంలో భాగమే. పెద్దాయన మునివేళ్లు కుర్చీ చేతి మీద దానికి తాళం వేశాయి.

లాగ్ తెరుచుకుంది. తెర నిండా నారింజ రంగు అక్షరాలు, అన్నీ ఒకే మందంలో, ఒకే రంగులో. మోటారు వేసిన వేళ, ఆపిన వేళ, నీటి మట్టం, మళ్లీ నీటి మట్టం. ఆ వరుసల మధ్యలో ఒక్క వాక్యం కింద మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీత. కళ్లజోడు లేనివాడు కూడా ముందు అదే చదువుతాడు.

‘రెండో సంపులో గాలి బాగా లేదు. ఎవరినీ దించవద్దు.’

టీచరు తెర దగ్గరికి వంగింది. చదివింది. గీత మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా నడిపింది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడిపోయింది. ఆమె వీపు కదలడం చూసి మేడమ్ తల దించుకుంది.

“అదీ మా తెర” అన్నాడు పెద్దాయన. ఆయన ఏడవలేదు. ఎప్పుడో పోగొట్టుకున్న గొడుగు బస్సు డిపోలో దొరికినవాడిలా, ఇది నాదేనండీ అన్నట్టు తల ఊపాడు, అంతే.

మేడమ్ తెర బొమ్మ తీసుకుంది. పక్కనే చిన్న నోట్ రాసుకుంది, ఏ సెట్టింగు, ఏ ఫ్లాపీ, ఎన్నింటికి, ఎవరి సమక్షంలో. ‘ఇంతకుముందు నేను చూపించినది తప్పు’ అని కూడా రాసి, కింద చుక్క పెట్టింది. ఆ చుక్క పెట్టాక గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. కానీ ఎల్లుండి ఏం చెప్పాలో తెలుసు. ఒక తప్పు చేసింది, దాన్ని దిద్దుతుంది. ఇంటికెళ్లి అమ్మకి చెప్పడం కష్టమే, అయినా చెప్పొచ్చు.

ఇక్కడితో లేచి వెళ్లిపోయి ఉంటే ఎంత బావుండేది!

“ఉండు తల్లీ, ఇంకోటుంది” అన్నాడు పెద్దాయన. “బాణం గుర్తు ఆ గీత ఉన్న లైను మీదికి తీసుకెళ్లు. ఇప్పుడు ఎఫ్ ఆరు మీట నొక్కు. ఒక్కసారి కాదు, వెంటవెంటనే రెండుసార్లు.”

“ఏమవుతుందండీ?”

“నొక్కు, చెబుతా.”

నొక్కింది. ల్యాప్‌టాప్ వెలుతురు తగ్గిపోయింది. మళ్లీ నొక్కితే ఇంకా తగ్గింది. ఈ కాలపు కీబోర్డుకి ఎఫ్ ఆరు అంటే వేరే పని. పెద్దాయన కంగారుపడి, “పోయిందా?” అన్నాడు. “ఏం పోలేదు సార్” అని వెలుతురు పెంచి, పక్క మీట ఒకటి పట్టుకుని ఉంచింది.

“గీత పెట్టిన లైనుని ఊరికే చూసి వదిలెయ్యడానికి లేదు” అంటున్నాడాయన. “తరవాతి షిఫ్టులో ముందు వచ్చినవాడు అది చదివి, తన డ్యూటీ టోకెను నంబరు కొట్టాలి. కొట్టకపోతే కొత్త పేజీ రాదు. పేజీ రాకపోతే డ్యూటీ ఎక్కినట్టు కాదు. ఆ పద్ధతి నేనే పోరి పెట్టించాను. చదవలేదు, చూడలేదు అనే మాట ఉండకూడదని. అప్పటి విచారణలో గొంతు చించుకుని చెప్పాను. యంత్రమే లేదు, నీ మీట ఎక్కడ నొక్కమంటావయ్యా అన్నారు.”

ఈ సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. ప్రోగ్రామ్ దొరికింది గానీ దాన్ని వాడే పుస్తకం దొరకలేదు. ఎమ్యులేటర్ యంత్రాన్ని లేపి కూర్చోబెడుతుంది, ఏ మీట ఎందుకు నొక్కేవారో మాత్రం నొక్కిన వేళ్లనే అడగాలి. అడగని పాపం ఇంకా ఎంతుందో అనుకుంటూ ఆమె రెండుసార్లు నొక్కింది.

గీత కింద చిన్న డబ్బా ఒకటి తెరుచుకుంది.

‘చదివినవారు: 14. సమయం: ఉదయం 6.10.’

“ఆరూ పది!” పెద్దాయన కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. “సంపులోకి దిగింది ఏడు దాటాక. గంట ముందే చదివాడు! చూశావటే? చదివాడు!”

కిటికీ దగ్గర్నుంచి టీచరు పరుగున వచ్చింది. “ఎవరో చదివారు నాన్నా. చదివి కూడా దించారు.”

“పద్నాలుగు... పద్నాలుగు ఎవరబ్బా?” ఆయన వేళ్లు మడిచాడు. “పదకొండు కంట్రోల్ రూములో ఉండేవాడు. పన్నెండు నత్తివాడు. పదమూడు ఎవరికీ ఇవ్వలేదు, తీసుకోం అన్నారు. పద్నాలుగు... మొహాలు గుర్తున్నాయి గానీ నంబర్లు గుర్తులేవే.”

మేడమ్ చూపు ఆ రెండంకెల మీదే ఉండిపోయింది.

ఆమె ఇంట్లో, తల్లి బీరువా సొరుగులో, జేబురుమాలులో చుట్టిన ఇత్తడి టోకెను బిళ్ల ఒకటి ఉంది. అర్ధరూపాయి కన్నా కాస్త పెద్దది, పైన చిన్న కన్నం. ఆసుపత్రివాళ్లు తండ్రి బట్టలతో పాటు ఇచ్చారు. బడిలో వెయ్యకముందే ఆమె అంకెలు నేర్చింది దాని మీదే. తల్లి ఆమె చూపుడువేలు పట్టుకుని ఆ చెక్కిన గాట్ల వెంట నడిపించేది. ముందు ఒకటి. పక్కన నాలుగు.

ఆరూ పదికి నాన్న చదివాడు. గీత గీసి ఉన్నది చదివి, నంబరు కొట్టి, ఏడు దాటాక సంపులో ఉన్నాడు. ఎందుకు దిగాడు? ఆ ఇద్దరు కూలీలని దించింది ఎవరు? పైనుంచి ఎవరైనా దిగి తీరాలన్నారా? లేకపోతే నాన్నే, ఏమవుతుందిలే అనుకున్నాడా? పడిపోయినవాళ్లని లాగడానికి వెళ్లాడా? ఆయన నంబరు ఇంకెవరైనా కొట్టారా? ఆమె దగ్గర ఉన్న యంత్రం ఆరూ పది దాకా చెబుతుంది. ఏడింటి సంగతి దానికి తెలియదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా తల్లి అనే మాట ఒక్కటే. “ఒక్క మాట చెప్పుంటే మీ నాన్న దిగేవాడు కాదు.” ఆ మాట పట్టుకునే ఆవిడ బతికింది. మెషీను మీద బట్టలు కుట్టి పిల్లని చదివించింది. చెప్పారమ్మా, నాన్న చదివాడమ్మా అని ఆవిడతో ఎలా అనడం?

పెద్దాయన ముందుకు వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా, ఎండిన కాగితంలా ఉంది. ఆ మొహంలో వెలుగు చూస్తే పదేళ్లు తగ్గినట్టున్నాడు.

“వాడే తల్లీ. చదివి నోరు మూసుకున్నాడు చూడు, వాడే ముగ్గురినీ చంపింది. మీ నాన్నని చంపింది వాడే. ఇన్నాళ్లూ నా మీద పడి ఏడ్చారు మీరు, నేనేం అనుకోను. కానీ వాణ్ణి మాత్రం వదలొద్దు. మీ నాన్న మీద ఒట్టేసి చెప్పు, వదలనని.”

ఒట్టు కోసం పెద్దాయన ఆగాడు. రాకపోయేసరికి, దుఃఖంలో ఉంది పిల్ల అనుకుని, తనే ఆమె చెయ్యి తట్టాడు.

టీచరు ఎర్రసిరా పెన్ను తీసి, దిద్దని పేపరు వెనకాల రాసుకుంటోంది. “టోకెను పద్నాలుగు. ఆరూ పది. ఈ బొమ్మ కూడా తీసుకున్నారా మీరు? కమిషన్‌కి ఇవ్వాలిగా.” తలెత్తింది. ఆమె గొంతులో మొదటిసారి మంట లేదు, కాస్త మెత్తదనం కూడా ఉంది. “మీ అమ్మగారు ఎప్పుడైనా అనగా విన్నారా? పద్నాలుగు ఎవరిదో మీకేమైనా తెలుసా?”

డబ్బా ఇంకా తెరిచే ఉంది. తీసిన బొమ్మల్లో అది లేదు. ఒక్క మీట నొక్కితే మూసుకుంటుంది, మళ్లీ ఎలా తెరవాలో ఈ గదిలో ఉన్న ముగ్గురికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఇందాక, తెలిసీ అడగలేదని ఒప్పుకున్నప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వెయ్యలేదు.

“తెలీదండీ” అంది.

“ఫర్లేదు లెండి” అంది టీచరు. పెన్ను మూత పెట్టి, కొంగు దోపుకుని, గోడ వారగా ఉన్న ఎత్తుపీటని వసారాలోకి లాగింది. “నాన్న ఉద్యోగం పోయిన రోజున తన బల్ల ఖాళీ చేసి తెచ్చిన కాగితాలన్నీ అటక మీదే ఉన్నాయి. పారేద్దామంటే ఒప్పుకోలేదు. టోకెన్ల జాబితా కూడా అందులోనే ఉండాలి, పేర్లతో సహా.”

ఎత్తుపీట కిర్రుమంది. పైన ఏదో ఇనప పెట్టెను ముందుకి లాగుతున్న చప్పుడు మొదలైంది. మేడమ్ లేవబోయింది.

“కూర్చో తల్లీ, ఎక్కడికి?” అన్నాడు పెద్దాయన, ఆమె చెయ్యి వదలకుండా. “ఇంతకాలం ఆగావు. ఇంకో ఐదు నిమిషాలు.”